మైనస్ ఎరగని పెట్టె

మీ అమ్మ ఏం పని చేస్తుందని బడిలో టీచరు అడిగితే మా అబ్బాయి "కంప్యూటర్లని నిద్రపుచ్చుతుందండీ" అని చెప్పాడట. క్లాసంతా నవ్విందని సాయంత్రం ఇంటికొచ్చి నామీద అలిగాడు. వాడు చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆ వారమంతా నేను ఇంట్లో ఫోన్లో మాట్లాడింది నిద్ర గురించే.

సీ భాషలో ప్రోగ్రాం రాసేటప్పుడు "కాసేపు ఆగు" అని చెప్పాల్సిన సందర్భాలు వస్తుంటాయి. విండోస్‌లో ఆ మాటకి అయిదు అని అంకె ఇస్తే, సెకనులో వెయ్యోవంతులు అయిదు ఆగుతుంది. అంటే ఆగనట్టే. యునిక్స్‌లో, లినక్స్‌లో అదే అయిదు ఇస్తే నిండా అయిదు సెకన్లు కునుకు తీస్తుంది. ఫోల్డరు పేరుకీ ఫైలు పేరుకీ నడుమ పెట్టే గీత ఒకచోట ఇటు వాలితే ఇంకోచోట అటు వాలుతుంది. బయటి పరికరాన్ని తగిలించే పోర్టుకి ఒక్కోచోట ఒక్కో పేరు. ఈ గోలంతా అసలు ప్రోగ్రాం దాకా పోకుండా మధ్యలో చిన్న చిన్న ఫంక్షన్లు రాసిపెడతాం. ప్రోగ్రాం "ఆగు" అంటే మా ఫంక్షను తానున్న చోటు చూసుకుని, అక్కడి లెక్కలో ఆగమని చెబుతుంది. వీటిని మేం హెల్పర్లు అనేవాళ్లం. నా సర్వీసులో సగానికి పైగా వీటితోనే గడిచింది. అవి సక్రమంగా పనిచేసినంతకాలం అసలు ఉన్నాయని కూడా ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు, అవి ఉన్నాయని అందరికీ తెలిసిపోయిన ఒక రోజు సంగతి చెప్పాలని ఉంది.

మా కంపెనీ చాలా చిన్నది. విజయవాడ ఏలూరు రోడ్డు నుంచి చీలే ఒక సందులో, మూడంతస్తుల పైన వేసిన రేకుల షెడ్డు. శీతల గిడ్డంగుల్లో, విత్తనాల గోదాముల్లో, కోడిపిల్లల హేచరీల్లో వేడిని కొలిచి, అదుపులో పెట్టే పరికరాలు చేసేవాళ్లం. సర్క్యూట్లు, తీగలు, టంకం పని చూసే సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. అతని చేతిలో పుట్టిన పరికరానికి నేను ప్రోగ్రాం రాసేదాన్ని. మా యజమాని ఆర్డర్లు తెచ్చేవారు, గడువులు కూడా ఆయనే ఒప్పేసుకుని వచ్చేవారు. "రెండు వారాల్లో ఇచ్చేస్తామని చెప్పానమ్మా" అని ఆయన మెట్లెక్కుతూనే అంటే, మేమిద్దరం మొహాలు చూసుకునేవాళ్లం.

హెల్పర్లకి మొదటి పునాది వేసింది మాత్రం నేను కాదు. నేను చేరేనాటికే అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన దగ్గరే సీ భాష వంటబట్టింది నాకు. రాసిన ప్రతి లైనునీ పైకి చదివి వినిపించమనేవారు. "నోటితో చదవలేని లైను మెషీనుకి మాత్రం ఎట్టా అర్థమవుద్దమ్మా?" అనేవారు. తర్వాత ఆయన ఉద్యోగం మానేసి మైలవరం దగ్గర మామిడితోట చూసుకోవడానికి వెళ్లిపోయారు. ఆయన రాసిన ఫంక్షన్లు మాత్రం మాతోనే ఉండిపోయాయి. డాస్ పోయింది, పాత యునిక్స్ పోయింది, విండోస్ ఎన్నో మార్లు వేషం మార్చింది. ఆ ఫంక్షన్లు మాత్రం కదల్లేదు.

హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక హేచరీ మాకు పాత ఖాతాదారు. దాన్ని నడిపేది ఒక ఆవిడ. ఇంచుమించు నా వయసే. మాట గబగబా, నిర్ణయం అంతకన్నా గబగబా. ఆవిడ దగ్గర గుడ్లు పొదిగే మెషీన్లు వరసగా గదులంత పెద్దవి ఉండేవి. ఒక్కోదాంట్లో వేల గుడ్లు. లోపల ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాలి. కాస్త అటూ ఇటూ అయినా గుడ్డు ఓర్చుకుంటుంది కానీ ఎక్కువసేపు ఓర్చుకోదు. వేడి తగ్గితే హీటరు వేయడం, పెరిగితే గాలి తలుపులు తెరిచి చల్లబరచడం మా ప్రోగ్రాం పని. ఒక్కో మెషీనుకీ ఒక్కో పాత డెస్కుటాప్ కంప్యూటరు కాపలా. అవి దుమ్ముకీ, కోడి ఈకల నూగుకీ తరచూ మూలపడుతుంటే, అరచేతిలో పట్టే కొత్తరకం చిన్న కంప్యూటరు పెట్టెలు పెడదామన్నారు మా యజమాని. వాటిలో ఉండేది లినక్సే. మా ప్రోగ్రాం లినక్స్ మీద ఎప్పుడో నడిచింది. హెల్పర్లు ఉండనే ఉన్నాయి. తిరిగి కంపైల్ చేస్తే, అంటే కొత్త పెట్టెకి అర్థమయ్యే రూపంలోకి మారిస్తే, ఒక్క హెచ్చరిక కూడా రాలేదు.

"ముందు ఒక్క మెషీనుకి పెట్టండి, అది బాగుంటే మిగతావాటి సంగతి చూద్దాం" అంది ఆవిడ.

ఆఫీసులో వారంపాటు పరీక్షించాం. అది మే నెల. మా రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట మేమే ఉడికేవాళ్లం. వేడి కొలిచే సెన్సరుని బల్లమీద పెడితే నలభై, దీపం దగ్గర పెడితే నలభై అయిదు. తెరమీద అంకె సరిగ్గా వస్తోంది, ఫ్యాను తిరుగుతోంది, అంతా సవ్యం. బెజవాడ ఎండాకాలంలో మా షెడ్డు కోడిగుడ్డుకి కావలసిన వేడికన్నా కిందకి దిగే ప్రశ్నే లేదు. ఆ సంగతి అప్పుడు ఎవరి బుర్రకీ తట్టలేదు.

పెట్టె బిగించి వచ్చాం. ఆ మెషీనులో గుడ్లు పెట్టి అప్పటికి రెండు వారాలు దాటింది. అంత వయసొచ్చిన గుడ్లలో పిల్ల తన వేడి తానే పుట్టిస్తుంది. హీటరు అవసరం దాదాపు ఉండదు, చల్లబరచడమే పని. కాబట్టి మొదట్లో ఏ చిక్కూ రాలేదు. ఆవిడ ఫోన్ చేసి, "మీ పెట్టె బుద్ధిగా ఉందండీ" అంది కూడా.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. గాలివాన. మా రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గాలి. మేమంతా హాయిగా ఉంది కదా అని కిటికీ దగ్గర నిలబడి ఉండగా నా ఫోన్ మోగింది.

"మేడమ్ గారూ, మీ పెట్టె అరవై రెండు చూపిస్తోందండీ! గుడ్లు ఉడికిపోతున్నాయి!"

"ఎప్పట్నుంచండీ?"

"వాన మొదలైన కాసేపటికి. ఉన్నట్టుండి ముప్పై ఏడు నుంచి అరవై మూడుకి ఎగిరింది. మెషీను తలుపులు బార్లా తీయించాను. ఇప్పుడిప్పుడే దిగుతోందండీ."

"ముప్పై ఏడుకీ అరవై మూడుకీ నడుమ ఏ అంకే కనబడలేదా?"

"లేదండీ, ఒక్క గంతే."

వేడి గంతులెయ్యదు. గదంత మెషీనులో గాలి కళ్లుమూసి తెరిచేలోపు అంత కాగిపోవడం కుదరని పని. అది మనసుకి తెలుస్తోంది. కానీ అవతల తెరమీద అంకె కనబడుతున్న మనిషి భయం కూడా తెలుస్తోంది.

"లోపల గాజు థర్మామీటరు ఉండాలి కదండీ?"

"ఉంది. మీ కంప్యూటర్లు వచ్చాక దాన్నెవరు చూస్తున్నారండీ?"

"ఒక్కసారి చూసి చెప్పండి."

అటు అడుగుల చప్పుడు, ఎవర్నో టార్చి అడగడం, మళ్లీ ఆవిడ గొంతు. ఈసారి నెమ్మదిగా ఉంది. "ఇది ముప్పై అయిదుకి కిందుంది మేడమ్. మీ పెట్టేమో ఇంకా అరవై చిల్లర అంటోంది. ఎవర్ని నమ్మమంటారు?"

గాజుని నమ్మమని చెప్పి, నిజం పెట్టెదైతే, తలుపులు మూయించి గుడ్లని నేనే ఉడకబెట్టినదాన్నవుతాను. పెట్టెని నమ్మమంటే, నిజం గాజుదైతే, బయట వీస్తున్న వానగాలికి అవన్నీ చల్లబడిపోతాయి.

"గాజునే నమ్మండి. తలుపులు మూయించండి. పెట్టె తీగ పీకేసి, హీటరు చేతి స్విచ్చు మీదకి మార్చండి. థర్మామీటరు ముప్పై ఏడున్నరకి వచ్చేదాకా వెయ్యండి, రాగానే ఆపండి. మేం బయల్దేరుతున్నాం."

"సరేనండీ" అంది. మరో మాట అడగలేదు. ఆ నమ్మకానికి నాకు ఇంకా భయమేసింది.

సహోద్యోగి పాత కారులో బయల్దేరాం. అతను సంచిలో పనిముట్లు, ఒక విడి సెన్సరు, నా ల్యాప్‌టాప్ పడేసుకున్నాడు. గుణదల దగ్గరికొచ్చేసరికి నేను కళ్లు మూసుకుని మేరీమాతని తలుచుకున్నాను. మా ఇల్లు అక్కడే. అతను స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యకుండానే, "నా వంతు కూడా చెప్పక్కా. నీ మాటైతే వింటుంది" అన్నాడు. గన్నవరం దాటాక చెట్టుకొమ్మ విరిగి రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. లారీలు బారులు తీరాయి. అతను దిగి, నలుగురితో కలిసి కొమ్మ లాగి, తడిసి ముద్దై వచ్చి కూర్చున్నాడు. దారంతా ఇద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం. సెన్సరు పాడైందని నేను, ప్రోగ్రాం పాడైందని అతను. నిజానికి ఎవరి పని వాళ్లు సమర్థించుకోవడం లేదు. ఏదో ఒకటి మాట్లాడకపోతే దారి సాగేలా లేదు, అంతే.

హేచరీకి చేరేసరికి వాన వెలిసింది. లోపల ఆవిడ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో టార్చి గాజు థర్మామీటరు మీద పట్టి, రెండో చెయ్యి స్విచ్చు మీద ఉంచి ఉంది. పనివాళ్లు చుట్టూ నిలబడ్డారు. "నేను చూస్తానమ్మా, మీరు కాస్త లేవండి" అని వాళ్లలో ఒకాయన అంటే, "నువ్వు రెప్ప వేస్తావు, పో" అంది. ముప్పై ఆరున్నర దగ్గర ఉంది. మా ప్రోగ్రాం చెయ్యాల్సిన పనంతా ఆ పూట ఆవిడే చేసింది.

మేం పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాం. మెషీను సెన్సరుని ముందు నా ల్యాప్‌టాప్‌కి తగిలించాం. ముప్పై ఆరున్నర. గాజుతో సమానం. సెన్సరు నిర్దోషి. అదే తీగని పెట్టెకి తగిలించాం. అరవై రెండు పాయింట్ ఒకటి. రెంటిలోనూ ఉన్నది ఒకే ప్రోగ్రాం, ఒకే లైనులు.

"ఒకే మాట ఇద్దరు రెండు రకాలుగా వింటున్నారక్కా" అన్నాడు అతను.

ఆ మాట చదివే ఫంక్షను పెద్దాయన రాసింది. పోర్టునుంచి ఒక్కో బైటు తెచ్చి ఇచ్చే హెల్పరు. పది లైనులు కూడా ఉండదు. అందులో తప్పు కనబడలేదు. పైకి చదివాను, మళ్లీ చదివాను. కనబడలేదు. చివరికి ఆయనకే ఫోన్ చేశాను. వెనక లారీ ఇంజను మోత, గంపలు దించుతున్న కేకలు వినబడ్డాయి.

"ఏంటమ్మా, కాయలు కావాలా?"

"కాయలు కాదండీ, మీ ఫంక్షను..." అని జరిగిందంతా చెప్పాను.

"గాజుకీ పెట్టెకీ తేడా ఎంత?"

"ఇప్పుడైతే ఇరవై అయిదు పాయింట్ ఆరండీ."

"ఇందాక?"

హేచరీ ఆవిడని అడిగాను. స్విచ్చు మీద నుంచి చెయ్యి తియ్యకుండా ఆలోచించి చెప్పింది. "ముప్పై అయిదుకి ఒక పిసరు తక్కువున్నప్పుడు అది అరవయ్యిన్నర అందండీ."

అప్పుడూ ఇరవై అయిదు పాయింట్ ఆరే. ఎప్పుడూ అంతే. సెన్సరు చెప్పేది డిగ్రీలో పదోవంతుల లెక్క. పదోవంతుల్లో చూస్తే ఆ తేడా రెండువందల యాభై ఆరు.

నేనూ ఆయనా ఒకేసారి అన్నాం. "రెండువందల యాభై ఆరు!"

ఒక్క బైటులో పట్టేవి రెండువందల యాభై ఆరు అంకెలు. సగం మైనస్‌కి వదిలితే మైనస్ నూట ఇరవై ఎనిమిది నుంచి ప్లస్ నూట ఇరవై ఏడు దాకా. మైనస్ ఎందుకు అనుకుంటే సున్నా నుంచి రెండువందల యాభై అయిదు దాకా. మా సెన్సరు ఉండాల్సిన వేడికన్నా ఎంత ఎక్కువో, ఎంత తక్కువో మాత్రమే చెబుతుంది. దాన్ని ముప్పై ఏడున్నరకి కలిపి తెరమీద చూపించేది ప్రోగ్రాం. వానగాలికి మెషీను ఒక్క పదోవంతు కిందకి జారగానే అది "మైనస్ ఒకటి" అంది. మైనస్ ఎరగని పెట్టె దాన్ని "రెండువందల యాభై అయిదు" అని విన్నది. ఇంత మంటేమిటని హీటరు ఆపి, గాలి తలుపులన్నీ తెరిచింది. అది చూసి మనుషులు కూడా తలుపులు తెరిచారు. లోపల చల్లబడేకొద్దీ తెరమీద అంకె దిగుతుంటే, అందరూ పని జరుగుతోందనే అనుకున్నారు.

"సీ భాషలో ఒక్క బైటుని పట్టే ఛార్‌కి మైనస్ ఉంటుందో లేదో ఎక్కడా రాసి లేదమ్మా. యంత్రం చేసేవాడి ఇష్టానికి వదిలేశారు" అన్నారు పెద్దాయన. "నేను ఆ లైను రాసిననాడు మన దగ్గరున్న మెషీన్లన్నిట్లోనూ ఉంది. ఈ కొత్త ప్రాసెసరు మీద లేదన్నమాట. ఛార్‌కి ముందు సైన్డ్ అని, అంటే మైనస్ కూడా ఉందని, పెట్టి చూడు."

ఒక్క మాట. పెట్టి, కంపైల్ చేసి, పెట్టెలోకి ఎక్కించాను. సహోద్యోగి విడి సెన్సరుకి తడిగుడ్డ చుట్టాడు. ల్యాప్‌టాప్ ముప్పై ఒకటి అంది. పెట్టె కూడా ముప్పై ఒకటి అంది. అతను ఆ తడిగుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.

పెట్టెని మళ్లీ మెషీనుకి బిగించాం. ఆవిడ మాత్రం స్టూలు మీద నుంచి వెంటనే లేవలేదు. హీటరు తనంతట తాను వెలిగి, ఆరి, మళ్లీ వెలిగేదాకా చూసింది. ఆ తర్వాత లేచి, "రండి, లోపలున్నవాళ్లని చూద్దాం" అంది.

ఒక ట్రే బయటికి లాగించి, గదిలో దీపాలు ఆర్పించి, గుడ్డు కింద లైటు పెట్టింది. ఎర్రటి వెలుగులో సన్నటి నరాలు, మధ్యలో నల్లటి నీడ. నీడ కదిలింది. "చూశారా?" అంది. రెండోది కదిలింది. మూడోది కదల్లేదు. నాలుగోది చాలాసేపటికి కాస్త కదిలింది. ఆవిడ ఆ మూడోదాన్ని విడిగా పెట్టకుండా మళ్లీ ట్రేలోనే పెట్టేసింది. "పడుకుని ఉంటారండీ. ఇప్పుడే చెప్పలేం. పిల్లలు రావాల్సిన రోజున చూసుకుందాం" అంది.

మేం తిరిగొచ్చేసరికి ఆఫీసులో యజమాని మాకోసం ఎదురుచూస్తూ ఉన్నారు. అంతా విని, "ఆవిడకి నేను మాటిచ్చాను, ఏమైనా నేను చూసుకుంటాను. మీరు మిగతా హెల్పర్లు వెతకండి" అన్నారు. ఈసారి గడువు చెప్పలేదు. మర్నాటి నుంచి ప్రతి ఫంక్షనూ తెరిచి, ఛార్ అని ఉన్న ప్రతిచోటా మైనస్ కావాలో వద్దో తేల్చి రాశాం. అలాంటివే ఇంకో రెండు దొరికాయి. అవి ఇంకా ఎవరి గుడ్ల దాకా వెళ్లలేదు, మా అదృష్టం.

ఆ రోజుల్లో నాకు పదేపదే అనిపించింది ఒకటే. పెద్దాయన రాసిన లైను, రాసిననాడు తప్పు కాదు. ఎన్నో ఏళ్లు తప్పు కాలేదు. ఇల్లు మారింది, అంతే. అన్ని సిస్టంల మీదా నడిచే కోడు అని మనం గొప్పగా అంటుంటాం. మనం చూసిన సిస్టంల మీద నడిచిందన్నదే దాని అసలు అర్థం. కంపైలరు నోరెత్తకపోతే అంతా బాగుందనుకోకండి. దానికి కనబడే తప్పులే అది చెబుతుంది. కొత్తచోట పెట్టేముందు మీ గదిలో ఎన్నడూ రాని అంకెల్ని కూడా చేత్తో ఇచ్చి చూడండి. చల్లని అంకె, ఖాళీ అంకె, అడ్డదిడ్డమైన అంకె. ఆ తర్వాత మా షెడ్డులో ఒక బక్కెట్టులో నీళ్లు, తడిగుడ్డ ఎప్పుడూ ఉండేవి. వచ్చినవాళ్లు నేల తుడవడానికనుకునేవారు.

పిల్లలు రావాల్సిన రోజు వచ్చింది. పొద్దుటి నుంచి ఫోన్ బల్లమీదే పెట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. మనమే ఆవిడకి ఫోన్ చేద్దామా అని సహోద్యోగి రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను. పురిటిగది తలుపు కొట్టినట్టుంటుంది అన్నాను. సాయంత్రం యజమాని కూడా వచ్చి ఊరికే మా బల్ల దగ్గర నిలబడ్డారు. ఫోన్ మోగలేదు. ఆయన వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు ఆఫీసు తాళం తీస్తుంటే మోగింది.

"మేడమ్ గారూ, నిన్న నేను ఫోన్ చెయ్యలేదని తిట్టుకున్నారా?"

"లేదండీ."

"నిన్న ఒక్కళ్లూ రాలేదండీ. నాకూ భయమేసింది, మీకేం చెప్పను? చలికి బద్ధకించారు, పూట ఆలస్యం చేశారు. తెల్లవారుజామున మొదలెట్టారు. ఉండండి, వినిపిస్తాను."

నేను గబగబా లోపలికి వెళ్లి ఫోన్ స్పీకరు మీద పెట్టి బల్లమీద ఉంచాను. సహోద్యోగి టంకం కడ్డీ పక్కన పెట్టి వచ్చాడు. వెనకే మెట్లెక్కి వచ్చిన యజమాని చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చేశారు. మొదట తలుపు తీసిన చప్పుడు. ఆ తర్వాత గదంతా నిండిపోయింది. వందలు కాదు, వేల సన్నటి గొంతులు, ఒకదాని మీద ఒకటి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో తెలియని కిచకిచలు.

"అందరూ రాలేదండీ. కొందరు రారు, ఎప్పుడూ అంతే. ఎప్పుడూ వచ్చేటంతమంది వచ్చారు" అంది ఆవిడ, ఆ గోలలో గొంతు పెంచి. "ఇంకా వస్తూనే ఉన్నారు. వింటున్నారా?"

వింటున్నామని చెప్పాను. ఆ తర్వాత ఆవిడ పనివాళ్లతో మాటల్లో పడి ఫోన్ సంగతి మరిచిపోయినట్టుంది. ఇటు మేం ముగ్గురం బల్ల చుట్టూ నిలబడే ఉన్నాం. ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.